మారుతాళం చేసే చెయ్యి

పల్లెలో తాళాల పని చాలావరకు చెవుల పనే. తాళం పాడై వచ్చేవాళ్లకన్నా చెవి పోగొట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. నాట్లప్పుడు బురదలో జారిపోయిన బండి చెవి, బావి దగ్గర వంగినప్పుడు రొంటిన దోపుకున్న గుత్తిలోంచి ఊడిపడ్డ బీరువా చెవి, పిల్లవాడు ఆటలో ఎక్కడో దాచి మరిచిపోయిన ట్రంకుపెట్టె చెవి, కన్నంలోనే విరిగి సగం లోపల ఉండిపోయిన మోటారు షెడ్డు చెవి. వీటిలో ఏ ఒక్కదానికోసం పట్నం వెళ్లినా పోనురాను బస్సు ఛార్జీతోపాటు సగం రోజు కూలి పోతుంది. ఊళ్లోనే ఒక వైస్ బిగించిన బెంచీ, ఆకురాయి పట్టడం తెలిసిన ఒక చెయ్యి ఉంటే ఆ సగం రోజు మిగులుతుంది. ఊళ్లో ఈ పనికి దొరికే డబ్బు ఆ సగం రోజు ఖరీదులోంచి వచ్చేదే.

ముందు మాట దగ్గరే కొంత తికమక ఉంది. కోస్తాలో చాలాచోట్ల ‘తాళం’ అంటే చెవి. తలుపుకు వేలాడేది తాళంకప్ప, లేదా ఒట్టి కప్ప. సీమలో అదే బీగం. ‘మారుతాళం చేయించుకురా’ అని ఇంట్లో చెప్పి పంపితే చేయించవలసింది రెండో చెవి, రెండో కప్ప కాదు. అందుకే ఈ పనికి కూర్చున్నవాడు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘కప్ప పోయిందా, చెవి పోయిందా?’ అది తేలకుండా సంచీ సర్దుకుని పొరుగూరు బయల్దేరితే తీరా అక్కడ కావలసిన సామాను సంచీలో ఉండదు.

ఆనుకుని నిలబడే పని

పల్లెలో ఈ పని ఒంటిగా నిలబడదు. కారణం నైపుణ్యం చాలకపోవడం కాదు, గిరాకీకి ఉన్న తీరు. చెవి ఎవరికి ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఒకరోజు పదిమంది వస్తారు, మర్నాడు ఒక్కరూ రారు. వచ్చినా మారుచెవి కోయడం అయిదు నిమిషాల పని. ఒక లెక్క వేసి చూద్దాం. రోజుకు మూడు చెవులు చేసి, ఒక్కోదానికి ఖర్చులు పోను ముప్పై రూపాయలు మిగిలాయనుకుంటే, నెలలో ఇరవై అయిదు రోజులకు వచ్చేది రూ.2,250. దానితో ఇల్లు గడవదు. అదే మొత్తం ఇంకో దుకాణం ఆదాయానికి తోడైతే, ఆ దుకాణం అద్దెనో కరెంటు బిల్లునో కట్టేస్తుంది. పైగా చెవి కోసం వచ్చినవాడు ఉత్త చేతులతో వెళ్లడు. బల్బో, సైకిల్ ట్యూబో, ఫోన్ ఛార్జరో కొనుక్కుని వెళతాడు.

మరి ఏ దుకాణానికి ఆనుకోవాలి? హార్డ్‌వేర్ దుకాణంలో కప్పలు ఎలాగూ అమ్ముతారు కాబట్టి అక్కడే కుదురుతుందని అందరికీ తోస్తుంది. కానీ గల్లాపెట్టె వదిలి, తలుపు తెరవడానికి మరో ఊరు వెళ్లడం ఆ యజమానికి కుదరదు. వెల్డింగ్ షాపులో వైస్, గ్రైండర్ సిద్ధంగా ఉంటాయి గానీ, అక్కడ చెయ్యి పెద్ద ఇనుముకు అలవాటు పడి ఉంటుంది. చెవి పని వెంట్రుకవాసి పని. వడ్రంగి తలుపులోకి దిగేసే తాళాలు బిగిస్తాడు, గొళ్లేలు సరిచేస్తాడు, చెవుల దాకా రాడు. బండి మెకానిక్‌కు ఇగ్నిషన్ తాళం విప్పడం ముందే వచ్చు కనుక సగం పని నేర్చుకున్నట్టే. అంతగా ఎవరికీ తట్టని జోడీ సెల్‌ఫోన్ బాగుచేసే దుకాణం. భూతద్దం, సన్న స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్, వీటన్నిటినీ మించి గంటసేపు కదలకుండా చిన్న వస్తువును చూడగల ఓపిక అక్కడ ముందే ఉంటాయి. రిమోట్ చెవి బ్యాటరీ మార్చడం, బటన్ అతకడం కూడా ఆ బల్ల మీదే అయిపోతుంది.

ఒకప్పుడు ఈ పని కమ్మరిది. నాగలి కర్రు, కొడవలి సాగదీసిన కొలిమిలోనే భోషాణం తాళం, దొడ్డితలుపు కప్ప కూడా తయారయ్యేవి. కూలి డబ్బు రూపంలో కాక కళ్లంలో మేరగా ముట్టేది. ఆ తాళాలకు అరచెయ్యంత చెవులు ఉండేవి, పోగొట్టుకోవడం కూడా కష్టమే. కర్మాగారపు కప్ప చవగ్గా సంతకు వచ్చాక కమ్మరి చేతినుంచి తాళం జారిపోయింది. తాళాలకు ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్, తమిళనాడులోని దిండిగల్ పేరుపడ్డాయి. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ తాళాల తయారీ మొదలుపెట్టింది 1897లో. ఆ కంపెనీ బీరువాలు తెలుగు ఇళ్లలో ఎంతగా కలిసిపోయాయంటే, ఏ కంపెనీ ఇనప బీరువానైనా ‘గోద్రెజ్ బీరువా’ అనే ఇళ్లు నేటికీ ఉన్నాయి.

కొలిమికీ దుకాణానికీ మధ్య కాలంలో ఊళ్లను ఆదుకున్నది తిరుగుడు పనివాళ్లు. పెద్ద ఇనుప కడియానికి వందల చెవులు గుచ్చి, గలగలలాడిస్తూ వీధి వెంట వచ్చేవాళ్లలో సిక్లిగర్ సిక్కులు ముఖ్యులు. ఆయుధాలకు సాన పట్టి మెరుగు పెట్టడం వాళ్ల కులవృత్తి. మెరుగు పెట్టడానికి ఉన్న అరబ్బీ మాట నుంచే వాళ్ల పేరు వచ్చింది. కత్తుల కాలం పోయాక ఆ చేతులే బకెట్లు, కత్తిపీటలు, తాళంచెవుల వైపు మళ్లాయి. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక పట్టణాల్లో ఈ కుటుంబాలు ఇప్పటికీ ఈ పనిలో ఉన్నాయి. ఊళ్లో కుర్రాడెవరైనా పని నేర్చుకోవాలంటే పట్నంలో బస్టాండు పక్క చెట్టు కిందో గొడుగు కిందో కూర్చున్న ఇలాంటి పనివాడి దగ్గరే కొన్నాళ్లు కూర్చోవడం మామూలు.

తాళం లోపల

పల్లెలో కనిపించే తాళాలు చాలావరకు నాలుగు జాతుల్లోకి వస్తాయి. మొదటిది అడ్డుపట్టీల తాళం. లోపల రెండు మూడు రేకులు అడ్డంగా ఉంటాయి, వాటికి తగలకుండా గంట్లు కొట్టిన చెవి తిరుగుతుంది. పాత ట్రంకుపెట్టెలకు ఉండేది ఇదే. పేరుకు తాళమే గానీ రక్షణ తక్కువ. ఒక పెట్టె చెవి పక్కింటి పెట్టెకూ పడటం దీని గుణం.

రెండోది లివర్ తాళం. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. లోపల సన్నటి ఇత్తడి రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్కోదానికి వెనక చిన్న స్ప్రింగు ఉంటుంది. ప్రతి రేకులోనూ ఒక సందు. చెవి పళ్లు ప్రతి రేకునూ సరిగ్గా దానికి కావలసినంత ఎత్తుకు లేపితేనే సందులన్నీ ఒకే వరసలోకి వచ్చి గడియ కదులుతుంది. తక్కువ లేచినా కదలదు, ఎక్కువ లేచినా కదలదు. కప్ప మీద ‘7 లివర్లు’ అని కొట్టి ఉండేది ఈ రేకుల లెక్కే. రేకులు పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది. మన తలుపులకు వేలాడే మంచి కప్పలు, చాలా బీరువాల తాళాలు ఈ జాతివే.

మూడోది పిన్ తాళం. చెక్కతో చేసిన ఈ ఉపాయం ప్రాచీన ఈజిప్టులోనే ఉండేది. ఇప్పుడు వాడే చిన్న చదును చెవి రూపం 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంటుతో వచ్చింది. గుండ్రటి గొట్టంలో ఇరుసు తిరుగుతుంది. పైనుంచి స్ప్రింగులతో దిగిన పిన్నులు దాన్ని తిరగనివ్వవు. ఒక్కో పిన్ను రెండు ముక్కలు. సరైన చెవి పెడితే అన్ని పిన్నుల అతుకులూ ఇరుసు అంచుకు సరిగ్గా వస్తాయి, ఇరుసు తిరుగుతుంది. అయిదు పిన్నులు, ఒక్కోదానికి ఆరు ఎత్తులు అనుకుంటే లెక్కకు 7,776 రకాల చెవులు సాధ్యం. ఒక ఎత్తుకూ ఇంకో ఎత్తుకూ తేడా అర మిల్లీమీటరు అటూఇటూ. ఈ పనిలో జాగ్రత్త అంతా ఆ అర మిల్లీమీటరులోనే. నాలుగోది బండ్ల ఇగ్నిషన్‌లో, బల్ల సొరుగుల్లో ఉండే పలక తాళం. పిన్నులకు బదులు సన్న పలకలు ఉంటాయి, పద్ధతి మాత్రం అదే.

చెవి లేకుండా తెరవలేని తాళం లేదు. ఈ మాట 1851లోనే రుజువైంది. లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ ఆల్‌ఫ్రెడ్ హాబ్స్, అప్పటిదాకా ఎవరూ తెరవలేరని పేరుపడ్డ చబ్ తాళాన్నీ, బ్రామా తాళాన్నీ తెరిచి చూపించాడు. రెండోదానికి ఆయనకు పదహారు రోజుల్లో విడతలు విడతలుగా యాభై గంటల పైన పట్టింది. ఊరి తాళాలవాడికి అన్ని గంటలు ఎవరూ ఇవ్వరు. కడ్డీ కోసి కొత్త కప్ప కొనిపించడమే నయమని చాలాసార్లు అతనే చెప్పాల్సి వస్తుంది. ముప్పావుగంట కూర్చుని తెరిచిన చవక కప్పకు కూలి ఇంత అంటే, ‘ఆ డబ్బుకు కొత్తదే వచ్చేది కదన్నా’ అన్న మాట పడక తప్పదు.

ఆకురాయి నేర్పే చదువు

చెవి కోసే యంత్రం ఉన్నా మొదట చేత్తో నేర్చుకోవడమే మంచిది. యంత్రం నమూనాను అలాగే దించుతుంది, తప్పుతో సహా. అరిగిన చెవిని పెట్టి కోస్తే అరిగిన చెవే వస్తుంది. దానిమీంచి ఇంకొకటి కోస్తే తప్పు ఇంకాస్త పెరుగుతుంది. మూడో తరానికి చెవి తాళంలో దూరుతుంది గానీ తిరగదు. ‘అసలుది తెండి, కాపీ మీద కాపీ వద్దు’ అని పనివాళ్లు పట్టుబట్టేది అందుకే. అసలుది కూడా అరిగిపోయి ఉంటే పన్ను ఎంత ఎత్తు ఉండేదో ఊహించి, ఆ వెంట్రుకవాసి లోహాన్ని కోయకుండా వదలాలి. యంత్రానికి ఆ ఊహ లేదు.

నమూనా చెవి ఉన్నప్పుడు పని తేలిక. పళ్లు ఇంకా కోయని ఖాళీ చెవినీ దాన్నీ వీపులు కలిపి, భుజాలు ఒకే గీతకు తెచ్చి వైస్‌లో బిగిస్తారు. ముందు త్రికోణపు ఆకురాయితో పళ్ల మధ్య లోయలు, తర్వాత సన్న ఆకురాయితో వాలులు. చివర్లో అంచుల గరుకు తీసి, చెవిని గుడ్డతో తుడిచి, పొడి ఒక్క రవ్వ కూడా లేకుండా చూసి ఇస్తారు. ఇత్తడి పొడి తాళంలోకి పోతే మర్నాడు అదే మనిషి మళ్లీ వస్తాడు, ఈసారి కోపంగా.

నమూనా లేనప్పుడు తెలిసేది పనితనం. బీరువా చెవి పోయింది, రెండోది లేదు, పెళ్లి రేపు. అప్పుడు చేసే పని ఇది. కన్నంలోకి సరిగ్గా దూరే ఖాళీ చెవిని ఏరుకుంటారు. పళ్లు రావలసిన అంచును ఆకురాయితో అద్దంలా నునుపు చేస్తారు. దాన్ని దీపం మీద పట్టి సన్నగా మసి పట్టిస్తారు. మసి ఎక్కువైతే గుర్తులు కలిసిపోతాయి, తక్కువైతే కనిపించవు. చెవిని లోపల పెట్టి, తిప్పబోయి, తిరగనిచోట బలంగా పట్టి, కొద్దికొద్దిగా పైకీ కిందికీ ఆడిస్తారు. బిగుసుకున్న రేకో పిన్నో ఆ మసి మీద చుక్కంత గీటు పెడుతుంది. చెవిని బయటికి తీసి, ఎండవైపు ఏటవాలుగా పట్టి చూస్తారు. గీటు ఉన్నచోట మాత్రమే ఆకురాయి ఒక్క వరస, మహా అయితే రెండు. మళ్లీ మసి, మళ్లీ లోపలికి. కావలసిన లోతుకు వచ్చినచోట గీటు పడటం ఆగిపోతుంది. ‘ఇక్కడ చాలు’ అని తాళమే చెప్పినట్టు. పది సార్లకో ఇరవై సార్లకో చెవి ఉన్నట్టుండి అడ్డు లేకుండా తిరుగుతుంది. ఇందులో తొందర పనికిరాదు. ఎక్కువ అరగదీసిన లోహాన్ని తిరిగి అంటించలేరు. ఖాళీ చెవి పారేసి మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే.

బండ్లకు ఇంత దూరం పోనక్కర్లేదు. పాత మోటార్‌సైకిళ్లలో సీటు తాళమో పక్క డబ్బా తాళమో విప్పి, లోపలి పలకల ఎత్తులు చూసి చెవి దించుతారు. కన్నంలో విరిగిన చెవిని తీయడానికి సన్నటి రంపపు బ్లేడు ముక్క చాలు. ముందు ఇరుసు చెవి పెట్టి తీసే స్థానంలో ఉందో లేదో చూసుకోవాలి. అడ్డం తిరిగి ఉంటే ఎంత లాగినా ముక్క రాదు.

తాళం బిగుసుకుపోతే ఇళ్లలో మొదట చేసేది కొబ్బరినూనె పొయ్యడం. అది పనిచేస్తుంది, నెల రోజులు. తర్వాత దుమ్ము ఆ జిడ్డుకు అంటి జిగురులా గడ్డకడుతుంది. తాళాలవాడి దగ్గరికి వచ్చే బిగుసు తాళాల్లో నూనె చంపినవే బోలెడు. వాటిని విప్పి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, గ్రాఫైట్ పొడి వేస్తే మళ్లీ ఆడతాయి. గ్రాఫైట్ దొరకనిచోట పెన్సిల్ ములుకును నూరి చెవికి పులిమినా సరిపోతుంది, ములుకులో ప్రధానంగా ఉండేదీ గ్రాఫైటే కనుక.

బల్ల మీద ఉండవలసినవి

పనిముట్లకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. బెంచి వైస్, అయిదారు రకాల ఆకురాళ్లు, హ్యాక్సా, చిన్న సుత్తి, పట్టుకార్లు, కొలతకు వెర్నియర్, ఒక భూతద్దం, మంచి వెలుతురు. పిన్నులు, చిన్న స్ప్రింగుల పెట్టె. స్ప్రింగు ఎగిరిపడితే మట్టి నేల మీద దొరకదు కాబట్టి బల్ల మీద పాత తువ్వాలు పరుచుకుంటారు. చెవి కోసే యంత్రం కరెంటుదీ ఉంది, చేత్తో తిప్పేదీ ఉంది. కరెంటు కోతలు ఉండే ఊళ్లో చేతిదాన్ని తీసిపారేయకూడదు.

డబ్బు ఇరుక్కునేది ఖాళీ చెవుల దగ్గర. తాళం కంపెనీకో గాడి, బండి మోడల్‌కో గాడి. కన్నంలోకి దూరని ఖాళీ చెవి ఎంత మంచి లోహమైనా పనికిరాదు. పట్నంలోని దుకాణం గోడంతా చెవులు వేలాడదీస్తుంది. ఊళ్లో ఆ గోడను నింపితే పెట్టుబడి ఏళ్ల తరబడి మేకులకు వేలాడుతూ ఉంటుంది. తెలివైనవాడు ఒక నెల రోజులు ఊళ్లోనూ సంతలోనూ బండ్లు చూస్తాడు. ఏ మోడళ్లు ఎక్కువ తిరుగుతున్నాయి, ట్రాక్టర్లు ఏ కంపెనీవి, దుకాణాల షట్టర్లకు ఏ తాళాలు అని రాసుకుని వాటికే చెవులు తెస్తాడు. ట్రాక్టర్లతో ఒక వెసులుబాటు ఉంది. ఒకే కంపెనీవి చాలావాటికి ఒకే చెవి పడుతుంది. రైతుకు అది సౌకర్యమే, దొంగకూ సౌకర్యమే.

లోహం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇత్తడి చెవి తేలిగ్గా తెగుతుంది, తేలిగ్గానే అరుగుతుంది. ఉక్కు చెవి గట్టిది, ఆకురాయినీ తాళాన్నీ అరగదీస్తుంది. జర్మన్ సిల్వర్ ఈ రెంటికీ మధ్య. పేరులో వెండి ఉంది గానీ అందులో ఉండేవి రాగి, నికెల్, జింకు.

పండగలు, వలసలు, వానలు

ఈ పనికీ ఒక పంచాంగం ఉంది. తెలంగాణలో బతుకమ్మ, దసరా, కోస్తాలో సంక్రాంతి ముందు వారం గిరాకీ ఒక్కసారిగా లేస్తుంది. పాలమూరు పల్లెల నుంచి బొంబాయికీ పుణెకూ కూలికి పోయినవాళ్లు, ఉత్తరాంధ్ర నుంచి హైదరాబాదుకూ చెన్నైకూ పోయినవాళ్లు, గల్ఫ్ నుంచి సెలవు మీద దిగినవాళ్లు ఇల్లు తెరవబోతే ఏడాదిగా వానకు తడిసి ఎండకు ఎండిన కప్ప తెరుచుకోదు. సామాను అరుగు మీద, పిల్లలు వేపచెట్టు కింద, చుట్టూ పలకరించడానికి చేరిన ఇరుగుపొరుగు. అలాంటప్పుడు తాళం పగలగొట్టడం శకునానికి మంచిది కాదని పెద్దవాళ్లు ఒప్పుకోరు. తాళాలవాడు వచ్చి కిరోసిన్ చుక్కలు వేసి, చిన్నగా తట్టి, అరగంట కూర్చుంటాడు. ఊళ్లో అతని పేరు నిలబడేది ఆ అరగంటలోనే. సెలవైపోయి వాళ్లు మళ్లీ బయల్దేరేముందు ఇంకో పని ఉంటుంది. రెండో చెవి చేయించి, ఊళ్లో ఉండే మేనమామకో పెదనాన్నకో ఇచ్చి వెళతారు.

నాట్లు, కోతలప్పుడు బండి చెవులు, మోటారు షెడ్ల చెవులు. వానాకాలంలో తుప్పు. బడులు తెరిచేముందు బీరువాలు, సొరుగులు. సంత రోజున బెంచీ ఊరి మధ్యకు తెచ్చుకుంటే చుట్టుపక్కల పది ఊళ్ల చెవులు ఒక్క పూటలో తేలతాయి. చెవి ఇచ్చి, కూరగాయలు కొనుక్కుని, తిరిగి వచ్చేసరికి మారుచెవి సిద్ధం.

కొత్త తాళం అమ్మేటప్పుడు ఊరి పనివాడు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. చాలా ఇళ్లలో బలహీనం కప్ప కాదు, గొళ్లెం. ఏడు లివర్ల కప్పను రెండు చిన్న మేకులతో కొట్టిన గొళ్లేనికి వేలాడదీస్తారు. గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే మేకులు ఊడొస్తాయి, కప్ప మాత్రం చెక్కుచెదరకుండా గొళ్లేనికే ఉంటుంది. తాళం వేసి గొళ్లెం మరిచినట్టని సామెత చెప్పేది ఇలాంటి సందర్భానికే. తలుపు అవతలికి దిగే బోల్టులతో గొళ్లెం బిగించడం వడ్రంగి పనీ తాళాలవాడి పనీ కలిసేచోటు, లాభం కూడా చెవికన్నా ఎక్కువ ఇక్కడే.

ఎవరి తాళం, ఎవరు అడుగుతున్నారు

తాళాలు బాగుచేయడానికి మన దేశంలో ప్రత్యేక లైసెన్సు అంటూ లేదు. దుకాణానికి పంచాయతీ లైసెన్సు వేరే సంగతి. అంతమాత్రాన చట్టం దూరంగా ఉందనుకోకూడదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 330వ సెక్షను, ఇల్లు పగలగొట్టి చొరబడటం అంటే ఏమిటో ఆరు రకాలుగా చెబుతుంది. చొరబడే ఉద్దేశంతో తాళం తెరవడం వాటిలో ఒకటి. 1860 నాటి శిక్షాస్మృతిలోనూ ఈ మాట ఉంది. తెలిసి సాయం చేస్తే నేరం, తెలియక చేస్తే నేరం కాదు. కానీ తెలియదని పోలీసులకు నచ్చజెప్పడానికి చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి.

ఆ ఆధారం ఒక చిట్టా పుస్తకం. తేదీ, వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఫోను నెంబరు, ఏ తాళం, ఎన్ని చెవులు. బండి అయితే ఆర్‌సీ చూసి నెంబరు రాసుకోవడం. ఇంటి తలుపు అయితే ఇద్దరు ఇరుగుపొరుగు ఎదుట తెరవడం. సబ్బు మీదో మైనం మీదో అచ్చు తెచ్చి చెవి చేయమంటే చేయకపోవడం, అది ఎవరు తెచ్చినా సరే. భార్యాభర్తల మధ్య, అన్నదమ్ముల మధ్య పంపకాల తగాదా నడుస్తున్న ఇంటి తాళం జోలికి పోకపోవడం. ఈ చివరిది ఏ చట్టపు పుస్తకంలోనూ కనిపించదు, ఊళ్లో బతికేవాడికి తెలుస్తుంది. కోర్టు అమీనా స్వాధీన వారంటు పట్టుకుని వచ్చి పిలిస్తే మాత్రం వెళ్లవచ్చు. డిక్రీ అమలుకు తాళం తీయించే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 35వ రూలు కింద కోర్టు అధికారికి ఉంది.

బండి చెవి విషయంలో గిరాకీదారుకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. బండి పోయి బీమా కోరినప్పుడు కంపెనీలు అసలు చెవులు రెండూ అడుగుతాయి. ఒకటి పోయి మారుచెవి చేయించుకున్నవాళ్లు ఆ రశీదు దాచుకోవాలి. చిట్టాలో రాసి రశీదు ఇచ్చే పనివాడు ఆ రకంగా ఇద్దరికీ మేలు చేసినట్టే.

ఊరి మనిషికి ఈ పనిలో ఉన్న పైచెయ్యి కూడా ఇక్కడే ఉంది. బీరువా తాళాలు బాగుచేస్తామంటూ వీధిలోకి వచ్చి, చెవి బిగుసుకుంది, నూనె వేశాం, గంటదాకా తెరవొద్దని చెప్పి, ఆ గంటలో బంగారంతో ఊరు దాటిన ముఠాల వార్తలు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. నిజాయతీగా తిరిగి బతికే పనివాళ్లకు కూడా ఆ వార్తలతో తలుపులు మూసుకున్నాయి. ‘మన ఊరి మెకానిక్కే చేస్తాడట’ అన్నప్పుడు ఇల్లాలు బీరువా గది చూపించడానికి వెనకాడదు. అయినా పని తెలిసినవాడు లోపలి అర తెరుచుకోగానే రెండడుగులు వెనక్కి వేసి, ‘అమ్మా, మీరే చూసుకోండి’ అని గుమ్మం దగ్గర నిలబడతాడు.

విశ్వకర్మ పథకం

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో తాళాల తయారీ ఒకటి. నమోదు సాధారణ సేవా కేంద్రంలో ఆధార్‌తో జరుగుతుంది. మొదటి పరిశీలన గ్రామ పంచాయతీది. ఎంపికైనవాళ్లకు అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు రూ.500 భత్యం, పనిముట్లకు రూ.15,000 దాకా సాయం ఉంటాయి. తర్వాత పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల వరకు అప్పు, 18 నెలల్లో తీర్చాలి. అది సరిగ్గా తీరిస్తే రెండో విడత 2 లక్షల వరకు, 30 నెలల గడువుతో.

షరతులు చదవకుండా వెళితే తిరిగి రావాల్సి ఉంటుంది. వయసు 18 నిండాలి. ఇంట్లో ఒక్కరికే వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులకూ వాళ్ల కుటుంబాలకూ వర్తించదు. ముఖ్యమైనది ఏమిటంటే, దరఖాస్తు చేసేనాటికే ఆ పని చేత్తో చేస్తూ ఉండాలి. రేపు మొదలుపెడతాననేవాడికి ఉద్దేశించిన పథకం కాదిది. ఒక వైస్, నాలుగు ఆకురాళ్లు సొంతంగా కొని, ఏడాది పాటు చిట్టా నింపి, అప్పుడు వెళితే చెప్పుకోవడానికి పని ఉంటుంది. లక్ష రూపాయలు ఇస్తామన్నా ఖాళీ చెవుల గోడకు ఖర్చుపెట్టడం తెలివి కాదని మాత్రం పైన చెప్పిన లెక్కే చెబుతోంది.

ఊళ్లో తేలనివి

కొన్ని తాళాలు ఊరి బల్ల మీద తేలవు. బ్యాంకు లాకరు వాటిలో మొదటిది. దానికి రెండు చెవులు, ఒకటి బ్యాంకుది, ఒకటి ఖాతాదారుది. ఖాతాదారు చెవి పోతే 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు పిలిపించిన అధీకృత నిపుణుడే, ఖాతాదారు ఎదుట లాకరు తెరవాలి. ఖర్చు ఖాతాదారుదే.

రెండోది చిప్పు చెవుల కార్లు. చెవి తలలో చిన్న చిప్పు ఉంటుంది. బండిలోని కంప్యూటరు దాని సంకేతాన్ని గుర్తుపట్టకపోతే లోహం ఎంత సరిగ్గా కోసినా తలుపు తెరుచుకుంటుంది గానీ ఇంజను అందుకోదు. ఆ చిప్పుకు సంకేతం ఎక్కించే యంత్రం ఖరీదు పది ఊళ్ల గిరాకీకి గిట్టదు. ఇలాంటి పనిని పట్నంలో తెలిసిన దుకాణానికి పంపి, మధ్యలో కొద్దిగా కమీషను తీసుకోవడం మామూలు పద్ధతి.

మూడోది వేలిముద్రల తాళం. కొడుకు నగరంలో ఉద్యోగం చేస్తూ ఊళ్లో కట్టించిన కొత్త ఇళ్లకు ఇవి వస్తున్నాయి. పొలం పని చేసిన పెద్దవాళ్ల వేళ్ల గీతలు అరిగి ముద్ర పడదు. నాలుగు నెలలు ఇల్లు మూసి ఉంటే బ్యాటరీ చచ్చిపోతుంది. అప్పుడు కబురు మళ్లీ ఊరి తాళాలవాడికే వెళుతుంది. చాలా మోడళ్లకు అడుగున రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. అక్కడ 9 వోల్టుల బ్యాటరీని ఆనిస్తే తాళం కాసేపు ప్రాణం తెచ్చుకుంటుంది. అదీ కుదరకపోతే ముందు రేకు కింద, స్టిక్కరు చాటున ఒక చిన్న కన్నం ఉంటుంది. దానికి మామూలు చెవి ఒకటి కంపెనీవాళ్లు డబ్బాలోనే పెట్టి ఇస్తారు. ఆ డబ్బా ఎక్కడుందో కొడుక్కి ఫోను చేసి అడిగితే, బీరువాలో పెట్టానంటాడు.